సెకను ఎవరి ఖాతాలోది?

ఒంటిలైను, డీజిల్ ఇంజన్ల రోజుల్లో గుంటూరు నుంచి గుంతకల్లు వైపు పోయే బండి వినుకొండ దాటి కురిచేడులో ఆగిందనుకోండి. అవతల దొనకొండ వైపు నుంచి ఇంకో బండి వస్తోంది. అది స్టేషన్లోకి వచ్చి పక్క లైన్లో నిలిస్తే గానీ దీనికి సిగ్నల్ ఇవ్వరు. ఒంటిలైను మీద తిరిగిన మన ప్రాంతం వాళ్లకు క్రాసింగ్ అంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. మార్కాపురం రోడ్డులో దిగిన మనిషి గడియారం చూసుకుని బండి గంట ఆలస్యమైందంటాడు. ఆ మాట నిజమే. ఆ గంటను చూపించి ఇంజను పాడైందనో, డీజిల్ ఎక్కువ తాగిందనో తేల్చేస్తే మాత్రం తప్పు. బండి ఎంతసేపట్లో చేరింది అన్నది ఒక ప్రశ్న, ఎంత డీజిల్ తాగింది అన్నది ఇంకొకటి. మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే డేటాబేస్ ప్రోగ్రాం విషయంలోనూ ఈ రెండు ప్రశ్నలే ఉన్నాయి. జాబు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా గోడ గడియారం చూపించేది ఒక కాలం, దాన్ని ఎలాప్స్‌డ్ టైమ్ అంటారు. అందులో ప్రాసెసర్ నిజంగా ఆ ప్రోగ్రాం కోసం పనిచేసిన కాలం సీపీయూ టైమ్. ఆగి ఉన్న ఇంజను కూడా కాస్తో కూస్తో డీజిల్ తాగుతుంది కనుక ఈ పోలిక చివరిదాకా నిలవదు. డిస్కు నుంచి పేజీ రావాలని ఆగిన ప్రోగ్రాం ఆ ఆగినంతసేపూ తన ఖాతాలో సీపీయూ ఏమీ రాయించుకోదు.

ఈ తేడా పుస్తకంలో చదివితే అరనిమిషంలో అర్థమవుతుంది. ఉద్యోగంలో దాన్ని నిలబెట్టుకోవడమే కష్టం. 1990ల చివర్లో వై2కే పని మొదలైన దగ్గర నుంచి మన జిల్లాల పిల్లలు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 నేర్చుకుని బ్యాంకుల, బీమా సంస్థల ప్రాజెక్టుల్లోకి వెళ్లారు. ఆ చదువులో గట్టిగా నూరిపోసేది తప్పుల పట్టిక. సాక్ సెవెన్ ఎందుకొస్తుంది, మైనస్ 805 అంటే ఏమిటి, మైనస్ 911 వస్తే ఏం చేయాలి? ప్రోగ్రాం పడిపోతే లేపడం వస్తుంది. పడిపోకుండా నడుస్తూనే అవసరమైనదానికి మూడింతలు తింటున్న ప్రోగ్రాం దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. ‘ఈ జాబు సీపీయూ ఎక్కువ వాడుతోంది, తగ్గించు’ అని మేనేజరు ఒక మెయిల్ పంపగానే చాలామంది తెరిచేది సోర్సు కోడు. నా వాదన ఏమిటంటే, ముందు తెరవాల్సింది లెక్కల పుస్తకం. సీపీయూ సెకను అనేది ఎవరో ఒకరి ఖాతాలో రాసిన పద్దు. ఎవరి ఖాతాలో, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎవరు రాశారో తెలియకుండా ఆ అంకెను తగ్గించబోవడం పొరుగువాడి పద్దు కొట్టేసి మన అప్పు తీరిందనుకోవడమే.

ఆ పద్దు ఎలా పుడుతుందో కొంచెం చూద్దాం. మెయిన్‌ఫ్రేమ్ ప్రాసెసర్లో మనకు పనికొచ్చే గడియారాలు రెండు. ఒకటి టైమ్ ఆఫ్ డే క్లాక్. 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తున్న 64 బిట్ల గడియారమిది. 2042 సెప్టెంబర్ 17న నిండిపోయి మళ్లీ సున్నాకు వస్తుంది. అమీర్‌పేటకు ఇంకో వై2కే పండగ రాబోతోందని సంబరపడేవాళ్లు కాస్త ఆగాలి. ఐబీఎం 128 బిట్ల పొడవు రూపాన్ని ఎప్పుడో ఇచ్చింది. పొట్టి రూపాన్ని పట్టుకు వేళ్లాడే పాత ప్రోగ్రాములకే పని పడుతుంది. రెండోది సీపీయూ టైమర్. ఇది పైకి లెక్కపెట్టదు, కిందికి దిగుతుంది. ఆపరేటింగ్ సిస్టంలోని డిస్పాచర్ ఒక పనిని ప్రాసెసర్ మీదికి ఎక్కించినప్పుడు టైమర్ ఎంత ఉంది, దింపినప్పుడు ఎంత ఉంది అని చూసి, తేడాను ఆ పని ఖాతాలో వేస్తుంది. ఇలా పోగైన పద్దులన్నీ చివరికి ఎస్ఎంఎఫ్ అనే సిస్టం లెక్కల రికార్డులవుతాయి. 30వ రకం రికార్డు జాబునూ స్టెప్పునూ చూస్తుంది, 70వది మొత్తం యంత్రాన్ని, 72వది వర్క్‌లోడ్ తరగతుల్ని, 110వది సీఐసీఎస్ ట్రాన్సాక్షన్లను, 101వది డీబీ2 అకౌంటింగును. ఒకే సెకను ఇన్ని పుస్తకాల్లో కనిపించవచ్చు. గందరగోళమంతా మొదలయ్యేది ఇక్కడే.

ముందు 101నే తీసుకుందాం, డేటాబేస్ ప్రోగ్రాముకు అసలు జాతకం అదే. డీబీ2 ఇందులో కాలాన్ని క్లాసులుగా విడదీసి రాస్తుంది. క్లాస్ 1 అంటే థ్రెడ్ పుట్టినప్పటి నుంచి పోయేదాకా గడిచినదంతా, మీ కోబాల్ కోడులో గడిచినదీ డీబీ2లో గడిచినదీ కలిపి. క్లాస్ 2 అంటే అందులో డీబీ2 లోపల గడిచిన భాగం. ప్రతి ఎస్‌క్యూఎల్ కాల్‌కూ గడప దాటి లోపలికి వెళ్లేటప్పుడోసారి, బయటికి వచ్చేటప్పుడోసారి గడియారం చూస్తేనే ఇది తెలుస్తుంది. క్లాస్ 3 అంటే డీబీ2 లోపల పని ఆగిపోయి ఎదురుచూసిన కాలం. డిస్కు కోసం, లాక్ కోసం, లాగ్ రాయడం కోసం, అలా ఒక్కో కారణం విడివిడిగా ఉంటుంది. 7, 8 క్లాసులు ఇవే లెక్కల్ని ప్యాకేజీ వారీగా ఇస్తాయి. ఒక ప్లాన్ కింద ఇరవై ప్రోగ్రాములు నడిచేచోట అవి లేకపోతే తిన్నదెవరో తేలదు. మీ దగ్గర ఏ క్లాసులు నడుస్తున్నాయో డిస్‌ప్లే ట్రేస్ కమాండుతో ముందే చూసుకోండి. క్లాస్ 2 ఆపేసి ఉన్నచోట రిపోర్టు తీసి, అక్కడ కనిపించిన సున్నాను ‘డీబీ2 ఏమీ తినలేదు’ అని చదివితే ఆ తర్వాత వేసే ప్రతి అడుగూ తప్పుదారే.

ఇప్పుడు ఒక ఊహాజాబు లెక్క వేసి చూద్దాం. రాత్రి నడిచే బ్యాచ్ జాబు క్లాస్ 1 ఎలాప్స్‌డ్ 40 నిమిషాలు, సీపీయూ 9 నిమిషాలు. క్లాస్ 2 ఎలాప్స్‌డ్ 36 నిమిషాలు, సీపీయూ 7 నిమిషాలు. క్లాస్ 3 మొత్తం 27 నిమిషాలు. ఇక మార్కాపురం పలక మీద తీసివేతలు నేర్చుకున్నంత చదువు చాలు. 9లోంచి 7 తీస్తే 2 నిమిషాలు, అది మీ కోబాల్ కోడు తిన్న సీపీయూ. దానిలో పెర్ఫార్మ్ లూపులు ఎంత దిద్దినా ఆ 2 నిమిషాలకు మించి మిగిలేది లేదు. 36లోంచి 7, 27 తీసేస్తే ఇంకో 2 నిమిషాలు లెక్కకు దొరక్కుండా మిగులుతాయి. ప్రాసెసర్ ఖాళీ లేక క్యూలో నిలబడ్డ కాలం ఎక్కువగా ఇక్కడే చేరుతుంది. ఇది పెద్దగా పెరిగిందంటే తప్పు మీ ప్రోగ్రాముది కాకపోవచ్చు, యంత్రమే ఇరుకున పడి ఉండవచ్చు. అసలు సరుకు ఆ 7 నిమిషాల్లో ఉంది. అంటే 420 సెకన్లు. అదే రికార్డులో ఫెచ్‌లు 60 లక్షలు, గెట్‌పేజీలు (డీబీ2 పేజీ అడిగిన సార్లు) 4 కోట్ల 80 లక్షలు అని ఉందనుకోండి. ఒక్కో ఫెచ్‌కు 70 మైక్రోసెకన్లు, 8 పేజీలు పడ్డాయి. ఒక వరస చేతికివ్వడానికి డీబీ2 ఎనిమిది పేజీలు తిప్పాల్సి వస్తోందంటే, చూసిన వరసల్లో చాలావాటిని పారేస్తోందన్న అనుమానం బలపడుతుంది. ఇండెక్సు సరిగా కుదరలేదేమో, లేదా షరతు, వరసల్ని ఆలస్యంగా వడగట్టే స్టేజ్ 2లో పడుతోందేమో చూడాలి. ఇదే స్థితిలో ఎవరో వచ్చి, డీబీ2 వెర్షన్ 8లో వచ్చిన మల్టీ రో ఫెచ్ పెట్టు, ఒక్కసారికి వంద వరసలు తెచ్చుకో, సీపీయూ పడిపోతుంది అని సలహా ఇస్తారు. సలహా మంచిదే, చోటు ఇది కాదు. మల్టీ రో ఫెచ్ తగ్గించేది గడప దాటే ఖర్చును. ఇక్కడ ఖర్చు గడప దగ్గర లేదు, లోపల పేజీలు తిప్పడంలో ఉంది. అదే గెట్‌పేజీలు 3 లక్షలే ఉండి ఫెచ్‌లు 60 లక్షలుంటే, ఒక్కో పేజీలోంచి ఇరవై వరసలు సాఫీగా వస్తున్నాయన్నమాట. అప్పుడు అదే సలహా బంగారం. రెండు జాబులకూ క్లాస్ 2 సీపీయూ ఒకే అంకె చూపించినా మందు ఒకటి కాదు. ఆ సంగతి ఆ అంకె ఒక్కటే ఎప్పటికీ చెప్పలేదు.

సరే, ఈ 9 నిమిషాలే ఆ జాబు తిన్న మొత్తమా? ఇక్కడ మన కాలువ సంగతి గుర్తుకు తెచ్చుకోవాలి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన దగ్గర నుంచి మన వైపు నడుస్తున్న తగువు ఒక్కటే. డ్యాం దగ్గర వదిలామని చెప్పే క్యూసెక్కులు వేరు, మేజరు తూము దగ్గర గేజి చూపించేది వేరు, చివరి చేలో పారేది వేరు. లస్కరు ఏ గేజి చదివాడో అడక్కుండా అంకెల మీద పోట్లాడితే ఆ తగువు తెగదు. సీపీయూ లెక్కల్లోనూ గేజి ఎక్కడ పెట్టారన్నదే మొదటి ప్రశ్న. బ్యాచ్ ప్రోగ్రాం ఎస్‌క్యూఎల్ పిలిచినప్పుడు డీబీ2 పని ఎక్కువ భాగం ఆ ప్రోగ్రాం టీసీబీ కిందనే, అంటే డిస్పాచర్ దృష్టిలో ఆ ప్రోగ్రాం పనిగానే, నడుస్తుంది, కోడు మాత్రం వేరే అడ్రస్ స్పేసులోది. కనుక స్టెప్పు చివర స్పూల్లో కనిపించే సీపీయూలోనే డీబీ2 సీపీయూ కూడా కలిసి ఉంటుంది. ఇది తెలియక స్టెప్పు సీపీయూకు 101లోని సీపీయూ కలిపి పైకి నివేదిక పంపితే ఒకే నీటిని రెండు తూముల దగ్గర లెక్కపెట్టినట్టే. సీఐసీఎస్ దగ్గర ఈ తప్పుకు ఒక చరిత్ర కూడా ఉంది. పాత రోజుల్లో డీబీ2 కాల్ వేరే టీసీబీ కింద నడిచేది, 110 రికార్డులో ఆ సీపీయూ పడేది కాదు. అప్పుడు 110నూ 101నూ కూడితేనే లెక్క సరి. సీఐసీఎస్ టీఎస్ 2.2 వచ్చాక ఆ కాల్ సీఐసీఎస్‌కే చెందిన ఎల్8 టీసీబీ మీద నడవడం మొదలైంది, 110లోనూ చేరింది. అప్పటిదాకా ఒప్పైన కూడిక ఆ రోజు నుంచి తప్పయింది. ఆ పాత కూడిక ఏ ఎక్సెల్ షీటులోనైనా ఇంకా బతికుందేమో వెతకండి.

కొంత సీపీయూ అసలు ఏ ప్రోగ్రాం ఖాతాలోనూ పడదు. ప్రోగ్రాం అడగబోయే పేజీల్ని డీబీ2 ముందుగా తెచ్చిపెట్టే ప్రీఫెచ్, మార్చిన పేజీల్ని తర్వాత తీరిగ్గా డిస్కుకు రాయడం, ఇవి డీబీ2 సొంత అడ్రస్ స్పేసులో ఎస్ఆర్బీలనే విడి పనుల కింద జరుగుతాయి. వాటిని పుట్టించింది మీ జాబే, బిల్లు మాత్రం డీబీ2 పేరున పోతుంది. డీబీ2 వెర్షన్ 10 నుంచి ఈ పని జిప్ అనే ప్రత్యేక ప్రాసెసర్ మీదికి పోవడానికి వీలు కలిగింది. జిప్‌లు 2006లో వచ్చాయి. దూరం నుంచి నెట్‌వర్కు మీదుగా వచ్చే డీబీ2 పనిలో కొంత భాగం కూడా వాటి మీద నడుస్తుంది. ఆ దూరపు పని జిప్ సమయాన్ని 101 విడిగా చూపిస్తుంది, మామూలు సీపీయూలో కలపదు. ఇంకో చిక్కు. తక్కువ సామర్థ్యపు మోడల్ కొన్నచోట మామూలు ప్రాసెసర్ వేగాన్ని తగ్గించి ఇస్తారు, జిప్ మాత్రం పూర్తి వేగంతో నడుస్తుంది. అప్పుడు అక్కడి సెకనూ ఇక్కడి సెకనూ సమానం కావు. రెండూ కూడాలంటే ముందు ఒకే కొలతలోకి మార్చాలి. వీటన్నిటికీ పైన, యంత్రం మొత్తం ఖర్చయిందని 70వ రికార్డు చెప్పే సీపీయూలో కొంత ఏ వర్క్‌లోడు కిందా దొరకదు. దొరికిన దానికీ మొత్తానికీ ఉన్న నిష్పత్తిని క్యాప్చర్ రేషియో అంటారు. కాలువ భాషలో చెప్పాలంటే, ఇంకిపోయిన నీళ్లు పోగా చేలకు చేరింది ఎంత అని. మీ ఒక్క జాబు లెక్కకు ఇది అక్కర్లేదు. అన్ని జాబులూ కూడి ‘యంత్రం ఎందుకు నిండింది’ అని అడిగేటప్పుడు మాత్రం ఇది లేకుండా జమాఖర్చు కలవదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. అదే జాబు, అదే డేటా, నిన్న 9 నిమిషాలు, ఇవాళ 10. ఊగే తక్కెడతో తూకం ఎందుకు? అభ్యంతరం నిజమే, సీపీయూ టైమ్ రోజూ ఒక్కటే రావాలనే నియమం లేదు. ఈ తరం ప్రాసెసర్లలో ఒక ఇన్‌స్ట్రక్షన్ ఎంత కాలం తీసుకుంటుందన్నది దానికి కావలసిన డేటా దగ్గరి క్యాషెలో ఉందా, దూరపు మెమరీ నుంచి రావాలా అన్నదాని మీద ఉంటుంది. అదే యంత్రాన్ని పంచుకునే పక్క ఎల్‌పార్‌లో ఇంకో భారీ పని నడుస్తుంటే మీ డేటా క్యాషెలోంచి తోసేయబడుతుంది, అదే ఇన్‌స్ట్రక్షన్లు ఎక్కువ సైకిళ్లు తింటాయి, అవన్నీ మీ ఖాతాలోనే పడతాయి. 113వ రికార్డులోని హార్డ్‌వేర్ కౌంటర్లు దీన్ని నేరుగా చూపిస్తాయి. అంతమాత్రాన కొలవడం దండగ అనలేం. ఊగే తక్కెడ మీద పావుకిలో తేడా తెలియకపోవచ్చు గానీ రెండు కిలోల తేడా తెలుస్తుంది. చేయాల్సింది ఊపు ఎంతో ముందు కనుక్కోవడం. ఏమీ మార్చకుండానే ఆ జాబు పది రాత్రుల లెక్కలు పక్కపక్కన రాసి చూడండి. అవి 9కీ 10కీ మధ్య తిరుగుతుంటే, మీ మార్పు తర్వాత వచ్చిన 8.9 ఏమీ నిరూపించదు. 6 వస్తే ఎవరూ కాదనలేరు. ఆ పక్కనే గెట్‌పేజీలూ ఎస్‌క్యూఎల్ కాల్సూ రాయండి. అదే డేటా, అదే యాక్సెస్ పాత్ అయితే ఇవి దాదాపు కదలవు. సీపీయూ ఊగి గెట్‌పేజీలు కదలకపోతే కారణం యంత్రం వైపు ఉంది, రెండూ కలిసి పెరిగితే ప్రోగ్రాం వైపో డేటా వైపో. వేర్వేరు యంత్రాల మీద లెక్కలు పోల్చాల్సి వస్తే సెకన్లు పక్కన పెట్టి, మోడల్‌కు తగ్గట్టు మార్చిన సర్వీస్ యూనిట్లలో పోల్చాలి. యంత్రం మార్చిన నెలలో జాబులన్నీ ‘బాగుపడడం’ తరచూ చూసే వింత. ఆ ఘనతను ఎవరి ట్యూనింగు ఖాతాలోనూ వేయకండి.

ఎక్స్‌ప్లెయిన్ ఉండగా ఈ తిప్పలన్నీ ఎందుకనేవాళ్లూ ఉన్నారు. ఎక్స్‌ప్లెయిన్ చేస్తే స్టేట్‌మెంట్ టేబుల్లో మిల్లీసెకన్లలో, సర్వీస్ యూనిట్లలో ఒక ఖర్చు కనిపించే మాట నిజం. కానీ అది పెళ్లికి ముందు వంటవాడు చెప్పిన అంచనా, పెళ్లయ్యాక కట్టిన బిల్లు కాదు. రన్‌స్టాట్స్ సేకరించిన టేబుల్ గణాంకాలు పాతబడి ఉంటే అంచనా ఎటైనా పోవచ్చు. ఆ వరసలోనే కాస్ట్ క్యాటగిరీ అని ఒక కాలమ్ ఉంటుంది. అక్కడ బి అని ఉందంటే, కావలసిన సమాచారం లేక ఆప్టిమైజర్ కొన్నిచోట్ల తనకు తోచిన విలువలు పెట్టుకుందని అర్థం. డీబీ2 తనంతట తానే సందేహంగా చెప్పినదాన్ని మనం నిజమని పైకి రాయడం అన్యాయం. ఏ దారిన పోతోందో తెలుసుకోవడానికి ఎక్స్‌ప్లెయిన్, ఎంత ఖర్చయిందో తెలుసుకోవడానికి 101. అంచనాకూ బిల్లుకూ మధ్య పెద్ద తేడా వచ్చినచోట సమస్యకు ఆధారం దొరుకుతుంది కనుక రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మంచిదే.

కొలవడానికి కూడా సీపీయూ పడుతుంది కదా అని ఇంకొకరంటారు. పడుతుంది. క్లాస్ 2 ప్రతి కాల్‌కూ రెండుసార్లు గడియారం చూస్తుంది కనుక, చిన్న చిన్న ఫెచ్‌లు లక్షల్లో చేసే జాబు మీద ఆ భారం కనిపిస్తుంది, నాలుగు పెద్ద ప్రశ్నలు అడిగే జాబు మీద కనిపించదు. అయినా చాలా సంస్థల్లో 1, 2, 3 క్లాసులు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి, ఆ ఖర్చు ఎలాగూ పెడుతున్నారు. ఖర్చు పెట్టి పోగేసిన రికార్డులు చదవకుండా వదిలేయడమే అసలు దుబారా. ప్రతి ఎస్‌క్యూఎల్‌నూ విడిగా పట్టే పెర్ఫార్మెన్స్ ట్రేసుల సంగతి వేరు. వాటిని పది నిమిషాలకు పెట్టి ఆపేయాలి, అదీ డీబీఏకు చెప్పి.

ఇంతకంటే లోతైన అభ్యంతరం డబ్బుది. హార్డ్‌వేరు చవకైన రోజుల్లో సెకన్లు ఏరుకోవడం పిసినారితనం కాదా? మామూలు సర్వర్ల మీద ఆ మాటకు బలం ఉండొచ్చు. మెయిన్‌ఫ్రేమ్ మీద సాఫ్ట్‌వేర్ లైసెన్సుల బిల్లే వాడకాన్ని బట్టి పడుతుంది. ఎక్కువకాలం నడిచిన పద్ధతిలో వాడకాన్ని ఎంఎస్‌యూలనే యూనిట్లలో కొలిచి, నాలుగు గంటల కదిలే సగటు తీసి, నెల మొత్తంలో ఆ సగటు ఎక్కడ శిఖరానికి చేరిందో దాని మీద బిల్లు వేస్తారు. దీని పర్యవసానం చాలామందికి మింగుడుపడదు. శిఖరం పగలు 11 గంటలకు వస్తుంటే, రాత్రి 2 గంటలకు నడిచే జాబులో మీరు సగం సీపీయూ తగ్గించినా ఆ నెల బిల్లులో పైసా తగ్గకపోవచ్చు. అదే పగటిపూట లక్షసార్లు నడిచే ఒక చిన్న సీఐసీఎస్ ట్రాన్సాక్షన్‌లో ఐదు మిల్లీసెకన్లు తగ్గిస్తే మొత్తం 500 సెకన్లు, అందులో చాలాభాగం శిఖరం కిందే పడతాయి. 2019లో ఐబీఎం తెచ్చిన టైలర్డ్ ఫిట్ ప్రైసింగ్‌లో వాడకం మొత్తం మీద బిల్లు వేసే పద్ధతి ఉంది. దాని కిందికి మారిన సంస్థలో రాత్రి సెకను కూడా డబ్బే. జిప్ మీద నడిచిన పని ఐబీఎం సాఫ్ట్‌వేర్ బిల్లులో పడదు కనుక, ‘మొత్తం సీపీయూ పెరిగింది, బిల్లు తగ్గింది’ అనే విచిత్రం కూడా సాధ్యమే. మీ సంస్థ ఏ పద్ధతిలో ఉందో కెపాసిటీ ప్లానింగ్ వాళ్లను ఒక్క మాట అడగండి. అడక్కుండా మొదలుపెట్టిన ట్యూనింగులో శ్రమ నిజం, లాభం అదృష్టం. బ్యాచ్ విండో ఇరుకై తెల్లవారేలోపు జాబు ముగియకపోవడమే బాధ అయినప్పుడు లెక్క తిరగబడుతుంది. అప్పుడు సమాంతరంగా నడిపి సీపీయూ కాస్త ఎక్కువ తినిపించైనా ఎలాప్స్‌డ్ తగ్గించడమే ఒప్పు. మేనేజరు మెయిల్లో ‘సీపీయూ’ అని రాసినా అతని బాధ ఎలాప్స్‌డ్ కావచ్చు. అది కూడా అడిగి తేల్చుకోవాల్సిందే.

ఇదంతా సిస్టమ్ ప్రోగ్రామర్ల పని, డీబీఏల పని, అప్లికేషన్ రాసేవాడికెందుకు అనే మాట అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది. రికార్డులు పట్టేది, ట్రేసులు పెట్టేది వాళ్లే. కాకపోతే ఆ 60 లక్షల ఫెచ్‌లు ఎందుకు జరుగుతున్నాయో వాళ్లకు తెలియదు. ప్రతి ఖాతాకూ మూడుసార్లు అదే రేటు టేబుల్ చదువుతున్నారన్నది, ఆ రేటు రోజంతా మారదన్నది ప్రోగ్రాం రాసినవాడికే తెలుసు. డీబీఏ ఒక్కో ఫెచ్‌ను చవక చేయగలడు, అక్కర్లేని ఫెచ్‌ను తీసేయగలిగింది మీరొక్కరే. అసలు జరగని కాల్‌కు మించిన చవక కాల్ ఉండదు. ఉద్యోగంలో కొత్తవాళ్లకు ఇందులో ఇంకో సౌలభ్యం ఉంది. సీనియర్ల ముందు అభిప్రాయానికి అభిప్రాయం ఎదురుపెడితే అనుభవం గెలుస్తుంది. రికార్డు నంబరుతో, తేదీతో అంకె పెడితే వయసు అడిగేవాళ్లుండరు. ఇంగ్లీషులో గడగడా మాట్లాడలేని పల్లెటూరి పిల్లకైనా ఆ రోజు మీటింగులో మాట చెల్లుతుంది.

ఆ అంకెల్ని ఒక్క కాగితం దాటకుండా రాయడం అలవాటు చేసుకోండి. పైన జాబు పేరు, ప్యాకేజీ పేరు, ఏ యంత్రం, ఏ డీబీ2, ఏ తేదీల రాత్రులు. కింద మార్పుకు ముందు పది రాత్రులు, తర్వాత పది రాత్రులు. ప్రతి వరసలో క్లాస్ 1 సీపీయూ, క్లాస్ 2 సీపీయూ, జిప్ సీపీయూ విడిగా, క్లాస్ 3లో పెద్ద కారణం, గెట్‌పేజీలు, ఎస్‌క్యూఎల్ కాల్స్. చివరి గడి మాత్రం తప్పకుండా ఉండాలి. ఆ రాత్రి జాబు ఎన్ని ఖాతాలు లేదా ఎన్ని పాలసీలు నడిపిందో రాసి, సీపీయూను దానితో భాగించండి. వ్యాపారం పెరిగి ఖాతాలు రెట్టింపైతే మొత్తం సీపీయూ పెరగడం నేరం కాదు, ఖాతాకు పడే సీపీయూ పెరిగితేనే ప్రశ్న. సీఐసీఎస్‌లో అయితే ఒక 101 రికార్డు ఒక ట్రాన్సాక్షన్‌దేనని నమ్మకండి. థ్రెడ్‌ను తిరిగి వాడుకునే చోట డీబీ2 ఎంట్రీలో పెట్టిన అమరికను బట్టి ఒకే రికార్డులో చాలా ట్రాన్సాక్షన్లు పోగై ఉండొచ్చు. కమిట్‌ల సంఖ్య చూస్తే అది బయటపడుతుంది. నెలాఖరు రాత్రిని మామూలు రాత్రితో పోల్చకండి, నెలాఖరును నెలాఖరుతోనే పోల్చాలి. అందుకే మార్పు ప్రొడక్షన్‌లోకి వెళ్లాక కూడా ఆ కాగితాన్ని మూడు నెలాఖరుల దాకా నింపుతూ ఉండాలి. ప్లాన్ టేబుల్లోని యాక్సెస్ పాత్ వరసల్ని కూడా దానికి జతచేసి దాచండి. మూడో నెలలో గెట్‌పేజీలు ఉన్నట్టుండి పెరిగితే, టేబుల్ పెరిగిందా లేక ఎవరో రీబైండ్ చేయగా దారి మారిందా అన్నది ఆ పాత వరసలు పక్కన ఉంటే పది నిమిషాల్లో తేలుతుంది. లేకపోతే మూడు టీముల మధ్య వారం రోజులు మెయిళ్లు తిరుగుతాయి.